మనవాడు ఆడేదే మన జట్టు

తోలు తడిస్తే ఒక వాసన వస్తుంది. వానాకాలం సాయంత్రం చెప్పులు కుట్టే కొట్టు పక్కనుంచి నడిచి వెళ్తే ఇప్పటికీ తగులుతుంది. నానిన తోలు, దానికి పట్టించిన కొవ్వు, మట్టి, చెమట అన్నీ కలిసిన వాసన. పాత హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చూస్తూ పెరిగిన వాళ్లకి అది చెప్పుల వాసన కాదు, బంతి వాసన.

2023లో ఆరు నెలల ఎడంతో ఈ ఊరి పాత ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఇద్దరు వెళ్లిపోయారు. ఫిబ్రవరి 16న తులసీదాస్ బలరాం, ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్. బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టి, ఈస్ట్ బెంగాల్‌కు ఆడటానికి కలకత్తా వెళ్లి, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో స్థిరపడి ఆ ఊరివాడిగానే కన్నుమూశారు. హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడి, అక్కడి జనం చేత ‘బడే మియా’ అనిపించుకుని, చివరికి హైదరాబాద్ తిరిగొచ్చి ఇక్కడి మట్టిలో కలిశారు. ఒకరు వెళ్లిన చోట ఉండిపోయారు, ఒకరు బయల్దేరిన చోటికి వచ్చేశారు. రెండు ఊళ్లూ ఇద్దరినీ మావాళ్లే అనుకున్నాయి.

ఈ ఊళ్లో అభిమానం అలాగే నడిచింది. జనం క్లబ్బు పేరు చూసి వెంటపడింది తక్కువ. మొహల్లా కుర్రాడు ఏ చొక్కా తొడుక్కుంటే ఆ చొక్కా రంగు మొహల్లా రంగు అయ్యేది. వాడు కలకత్తా వెళ్తే అభిమానం కలకత్తా వెళ్లేది. జకార్తా వెళ్తే జకార్తా.

* * *

ముందు బంతి సంగతి. ఇప్పటి పిల్లలకు బంతి అంటే గాలి నింపేసి ఉన్న వస్తువు. అప్పటి బంతి ఆటకు ముందు చేసుకోవాల్సిన పని. పద్దెనిమిది తోలు పట్టీలు, మూడేసి కలిపి ఆరు జట్లుగా కుట్టి ఉండేవి. ఒక పట్టీ మధ్యలో జానెడులోపు చీలిక, చీలికకు రెండు వైపులా రంధ్రాలు. లోపల రబ్బరు బ్లాడరు, దానికి వేలంత పొడవు గొట్టం. సైకిలు పంపు కొనకు సన్నటి ముక్కు బిగించి గొట్టంలో పెట్టి గాలి కొట్టాలి. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొంచెమే లోపలికి పోయేంత గాలి చాలు. అప్పుడు గొట్టాన్ని మడిచి, పురికొసతో రెండు చుట్లు చుట్టి బిగించి, చీలిక కింద ఉన్న తోలు నాలుక కిందికి దోపాలి. ఆ తర్వాత చెప్పులు కుట్టే ఆరెతో తోలు తాడును ఒక రంధ్రంలోంచి ఇంకో రంధ్రంలోకి లాగుతూ, బూటు లేసు కట్టినట్టు కట్టుకుంటూ పోవాలి.

పొరపాటు జరిగేది ఇక్కడే. ఆరె కొంచెం లోతుగా దిగితే బ్లాడరుకు చిల్లు. నాలుక పక్కకు జరిగితే బ్లాడరు తాడుకీ తోలుకీ మధ్య నలిగి, సరిగ్గా ఆట మధ్యలో పేలేది. చిల్లు ఎక్కడుందో తెలియాలంటే బ్లాడరును నీళ్ల తొట్టిలో ముంచి పిసకాలి. బుడగలు వచ్చిన చోట గుర్తు పెట్టుకుని, బాగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది జిగురుగా అయ్యేదాకా ఆగి సైకిలు ట్యూబు ముక్క అతికించాలి. తొందరపడి తడి మీద అతికిస్తే పది నిమిషాల్లో ఊడిపోతుంది. ప్రతి మొహల్లాలో ఈ పనికి ఒక చేయి ఉండేది, చాలావరకు సైకిలు దుకాణంలోనే. జట్టు కెప్టెన్‌కు ఎంత మర్యాదో ఆ మనిషికీ అంతే.

పొడి బంతి పద్నాలుగు నుంచి పదహారు ఔన్సులు, అంటే దాదాపు 400 నుంచి 450 గ్రాములు. వాన పడితే తోలు నీళ్లు తాగి బరువెక్కేది. దాన్ని తలతో కొట్టడం రాయిని కొట్టడమే. అందుకే ఆటకు ముందు కుట్ల వెంబడి కొవ్వు పట్టించేవారు. ఎక్కువ పడితే కుట్లు మెత్తబడి సాగి బంతి కోడిగుడ్డులా అయ్యేది, అదో తంటా. తాడు కట్టిన వైపు నుదుటికి తగిలితే చర్మం చీరుకునేది. తెలిసిన ఆటగాడు గాల్లో వస్తున్న బంతి తిరుగుడు చూసి తాడు ఎటుందో కనిపెట్టి తల వంచేవాడు. ఆడిన తర్వాత బంతినీ బూట్లనూ ఎండలో పెట్టకూడదు, తోలు పగిలిపోతుంది. బూట్లలో పాత ఉర్దూ పత్రికల ముక్కలు కుక్కి నీడలో పెట్టేవారు. బూటు అడుగున ఉండేవి తోలు బిళ్లలు. మూడు పొరలు పేర్చి మేకులతో కొట్టినవి. తోలు అరిగినకొద్దీ మేకు తల బయటికి వచ్చి ఎదుటివాడి పిక్క చీరేది, మేకు మొన లోపలికి పొడుచుకొచ్చి తొడుక్కున్నవాడి పాదం చీరేది. ఆటకు ముందు రిఫరీ అందరి బూట్లూ తిప్పి చూసి అరచేత్తో తడిమేది అందుకే.

* * *

మైదానం గీయడం శుక్రవారం పొద్దున్న పని. ఎనిమిదడుగుల ఎత్తు, ఎనిమిది గజాల వెడల్పు గోలు. అక్కడినుంచి కొలతలన్నీ గజాల్లోనే. మూల లంబంగా రావడానికి బడిలో చెప్పిన లెక్కే పనికొచ్చేది. తాడు మీద మూడు, నాలుగు, ఐదు గజాలకు ముడులు వేసి త్రికోణంగా లాగి మేకులు కొడితే మూల సరిగ్గా కుదురుతుంది. మధ్య వలయానికి ఒక మేకు, పది గజాల తాడు, తాడు చివర చిల్లుల డబ్బా. పెనాల్టీ చుక్క గోలు గీత నుంచి పన్నెండు గజాలు. అడుగులేసి కొలిచే ఊళ్లలో ఆ చుక్క మీదే కొట్లాటలు జరిగేవి, ఎందుకంటే పొడుగు మనిషి పన్నెండడుగులూ పొట్టి మనిషి పన్నెండడుగులూ ఒకటి కావు.

సున్నం చల్లార్చిందే వాడాలి. ఎవరో ఒకరు తొందరలో పూర్తిగా చల్లారని సున్నం పోసేవారు. దాని మీద వాన చినుకు పడి, గోల్‌కీపర్ జారి పడ్డాడంటే తొడ బొబ్బలెక్కేది. అలాంటప్పుడు వెంటనే తడి గుడ్డతో రుద్దకూడదు, ముందు పొడిని దులిపేసి తర్వాత బిందెలకు బిందెలు నీళ్లు పోయాలి. ఈ తెలివి చాలా తొడలు కాలాక వచ్చింది.

జట్టు చొక్కాలు కొనే డబ్బులెక్కడివి? తెల్ల బనియన్లు తెచ్చి, మరిగే నీళ్లలో రంగు పొట్లం, గుప్పెడు ఉప్పు వేసి, కర్రతో కలుపుతూ అరగంట ఉంచేవారు. ఉప్పు తక్కువైతే మొదటి చెమటకే రంగు ఒంటికి దిగేది. ఇరానీ హోటల్ యజమాని చందా ఇచ్చేవాడు, దర్జీ నల్ల గుడ్డతో అంకెలు కుట్టేవాడు, సోడా బండివాడు సగం ఆటకు నిమ్మకాయలు కోసిచ్చేవాడు. అదంతా కలిసి జట్టు. వీళ్లలో ఎవరి మతం ఏమిటి, ఇంట్లో ఏ భాష అని మైదానంలో లెక్క తీసినవాళ్లు లేరు.

* * *

అసలు కథ పోలీసు జట్టుది. 1948 సెప్టెంబరు తర్వాత హైదరాబాద్ గాయపడ్డ ఊరు. రాజ్యం పోయింది, కొలువులు పోయాయి, ఇరుగుపొరుగుల మధ్య మాట తగ్గింది. ఆ ఊరి నుంచి రెండేళ్లకే ఒక జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచింది. మళ్లీ గెలిచింది. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు ఆ కప్పు హైదరాబాద్ సిటీ పోలీసుదే. 1950లో డ్యూరాండ్ కప్పు కూడా. ఆ పదకొండు మందిలో పాతబస్తీ ముస్లింలు, సికింద్రాబాద్ కంటోన్మెంటు క్రైస్తవులు, హిందువులు కలిసి ఉన్నారు. జట్టు రైలు దిగిన రోజు స్టేషన్‌కు వెళ్లిన జనంలోనూ అంతే. ఆ ఐదేళ్లలో ఏ సభా ఏ కమిటీ చేయలేని పనిని ఆ కప్పు చేసింది. ఒకే వార్తకు అందరూ ఒకే రోజు సంతోషపడటం అన్నది ఊరికి తిరిగి అలవాటైంది.

దాని వెనక మనిషి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. వృత్తి బడిపంతులు. ఆయన పద్ధతులు ఇప్పటికీ మైదానాల్లో చెప్పుకుంటారు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలు పెట్టేవారు. బంతి కాలికి అంటుకుని ఉండకూడదు, వచ్చింది వచ్చినట్టు పక్కవాడికి పోవాలి. బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీలు ఇంకొన్ని. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నితే మొదటి వారం బంతి ఎక్కడికో పోతుంది, జనం నవ్వుతారు. రెండో నెలకు ఆ నవ్వు ఆగుతుంది. ఏడుగురేసి ఆడే చిన్న మైదానం ఆటలూ ఆయన ప్రోత్సాహమే. చోటు తక్కువైతే కాలి కంటే ముందు కన్ను పని చేయాలి.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు, చాలామంది ఉత్తకాళ్లతో, యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో, రహీం సాబ్ కోచ్‌గా, మన జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆస్ట్రేలియా మీద 4–2, నెవిల్ డిసౌజా మూడు గోల్స్. ఆ జట్టులో అరడజను పైగా మన ఊరివాళ్లే. నెవిల్‌ది గోవా మూలాలున్న బొంబాయి. పేపర్లో స్కోరు చదివిన పాతబస్తీకి అది అడ్డు కాలేదు. రహీం సాబ్ చేతికింద ఆడిన ప్రతివాడూ మనవాడే.

* * *

ఆపైన కలకత్తా. అప్పట్లో మంచి ఆటగాడంటే కలకత్తా నుంచి మనిషి రావడం, ఇంట్లో అమ్మ ఏడవడం, నాన్న లెక్కలడగడం, చివరికి ట్రంకు పెట్టె సర్దడం. బెజవాడ, వాల్తేరు, ఖుర్దా రోడ్డు, ఖరగ్‌పూర్, హౌరా. ఒకటిన్నర రోజు ప్రయాణం. కుండలో నీళ్లు, చపాతీలు, మామిడికాయ పచ్చడి. అక్కడ మెస్సులో చేపల కూర, అర్థంకాని భాష, మైదాన్ గడ్డి మీద ఎడతెగని వాన. ఎండిన నేల మీద ఆడిన కాలు ఆ బురదలో మొదటి నెలంతా జారేది. తోలు బిళ్లలు పొడుగ్గా ఉన్న బూట్లు కొనుక్కోవాలని అక్కడికి పోయాకే తెలిసేది.

అక్కడి జనం సంగతి వేరు. ఈస్ట్ బెంగాల్ క్లబ్ 1920లో పుట్టింది. 1947లో దేశం చీలాక పద్మా నది అవతలి ఊళ్ల నుంచి లక్షల మంది కట్టుబట్టలతో వచ్చారు. వాళ్ల ఊళ్లు పాకిస్తాన్ అయిపోయాయి. పోయిన దేశం పేరు మిగిలింది ఆ క్లబ్బు మీద. చొక్కా ఎరుపు, బంగారు రంగు. చిహ్నం కాగడా. శరణార్థి కాలనీల్లో వానకు కారే పాకల్లోంచి వచ్చి, వారం కూలి డబ్బులతో చెక్క గ్యాలరీలో నిలబడి అరిచేవారు. ఆ చొక్కా తొడుక్కున్న వాళ్లెవరు? ఆ కాలంలో ఈస్ట్ బెంగాల్ ముందు వరుస ఐదుగురిని ‘పంచపాండవులు’ అనేవారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. దక్షిణాది వాళ్లే. ఆ తర్వాత బలరాం, నయీముద్దీన్, హబీబ్. వీళ్లెవరూ పద్మా నదిని చూసి ఎరగరు. ఢాకా, బరిసాల్ వదిలొచ్చిన ముసలివాళ్లు తమ పోయిన ఊరి గౌరవాన్ని ఒక తెలుగు అప్పారావు కాలిలో, సికింద్రాబాద్ తమిళ కుర్రాడి కాలిలో, హైదరాబాద్ ఉర్దూ మాట్లాడే కుర్రాడి కాలిలో పెట్టారు. ఫుట్‌బాల్ మనుషుల్ని ఎలా కలుపుతుందని అడిగేవాళ్లకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు కనబడదు.

ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ రాత్రి ఇలిష్ చేప ధర పెరిగేది, ఎదుటి జట్టు మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర. ఇలిష్ మనకు కొత్త కాదు. సముద్రంలోంచి ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చినప్పుడు మనం పులస అనేది ఆ చేపనే. కలకత్తాలో పనిచేసిన గోదావరి జిల్లాలవాళ్లు ఈస్ట్ బెంగాల్ వైపు మొగ్గడానికి నాలుక కూడా ఒక కారణమని చెప్పుకునేవారు. నమ్మదగ్గ మాటే.

ఆ పోటీలో ప్రేమతోపాటు భయం కూడా ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆట జరుగుతుండగా గొడవ రేగి, తొక్కిసలాటలో పదహారు మంది అభిమానులు చనిపోయారు. ఇరుకు మెట్లు, రెండు రంగులవాళ్లూ ఒకే స్టాండులో కలగలిసి కూర్చోవడం, పారిపోవడానికి చాలినన్ని దారులు లేకపోవడం. ప్రతి ఏటా ఆ రోజున రెండు క్లబ్బులవాళ్లూ కలిసి వాళ్లను తలుచుకుంటారు. 2024 ఆగస్టులో, కలకత్తా ఆసుపత్రిలో యువ డాక్టరు మీద జరిగిన ఘోరం తర్వాత, డ్యూరాండ్ కప్‌లో ఈ రెండు జట్ల ఆట రద్దయితే, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ జెండాలు పట్టుకున్నవాళ్లు స్టేడియం బయట వానలో పక్కపక్కన నిలబడి న్యాయం అడిగారు. నూరేళ్లు తిట్టుకున్నవాళ్లు. అంత తిట్టుకున్నారు కాబట్టే ఒకరి గొంతు ఒకరికి అంత బాగా తెలుసు.

* * *

హైదరాబాద్‌లో ఇదంతా తెలిసేదెలా? రేడియోతో. అదీ సులువు కాదు. కలకత్తా మీడియం వేవ్ పగటిపూట ఇంతదూరం రాదు. పొద్దుగూకాక ఆకాశంలో పై పొరలు ఆ తరంగాల్ని కిందికి తిప్పి కొడతాయి, అప్పుడు గరగరమంటూ అందుతుంది. ఆటలేమో సాయంత్రం వెలుగుండగానే అయిపోతాయి. అందుకని ఫలితం రాత్రి వార్తల్లో, లేకపోతే మర్నాటి పేపర్లో. డాబా మీద రెండు కర్రల మధ్య రాగి తీగ కట్టి దాని చివర రేడియోకు చుట్టేవారు. ట్రాన్సిస్టరైతే సెట్టునే తిప్పాలి. లోపలి కడ్డీ స్టేషన్‌కు అడ్డంగా ఉంటే గొంతు బాగా వస్తుంది, స్టేషన్ వైపు మొన తిరిగితే గొంతు పోతుంది. ఈ సూత్రం ఎవరూ చదవలేదు, చేతులకు తెలుసు. బెంగాలీ ఒక్క ముక్క రానివాళ్లు ‘హబీబ్’ ‘అక్బర్’ అన్న పేర్ల కోసం చెవి ఒగ్గేవారు. పేరు తర్వాత గొంతు పైకి లేస్తే గోలు దగ్గరపడ్డట్టు. 1976లో హబీబ్ తమ్ముడు అక్బర్ ఈస్ట్ బెంగాల్ మీద మోహన్ బగాన్ తరఫున ఆట మొదలైన పదిహేడు సెకన్లకే గోలు కొట్టాడు. అన్నదమ్ములు క్లబ్బు మారినప్పుడల్లా ఈ ఊరి అభిమానం కూడా మాట్లాడకుండా క్లబ్బు మారేది. కలకత్తాలో అది ద్రోహం. ఇక్కడ అది చుట్టరికం.

మరుసటి ఏడు, 1977 సెప్టెంబరు 24న, పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చాడు. వానకు నేల బురద. మోహన్ బగాన్ 2–2 తో నిలిచింది, అందులో ఒక గోలు హబీబ్‌ది. పెలే ఆడిన ఆటలో మనవాడు గోలు కొట్టాడన్న మాట పాతబస్తీ చాయ్ దుకాణాల్లో ఎన్నేళ్లు నడిచిందో లెక్కలేదు.

పద్మా అవతల కూడా బంతి ముందు నడిచింది. 1971 జూలై 25న నదియా జిల్లా కృష్ణనగర్‌లో స్వాధీన్ బంగ్లా ఫుట్‌బాల్ జట్టు నదియా జట్టుతో ఆడింది. ఆటకు ముందు బంగ్లాదేశ్ జెండా ఎగరేశారు. భారత ప్రభుత్వం ఆ దేశాన్ని గుర్తించింది డిసెంబరు 6న. అంటే దేశం ఇంకా కాగితం మీదికి రాకముందే దానికొక జట్టుంది, ఆ జట్టు ఊరూరా ఆడి యుద్ధానికి చందా పోగుచేసింది.

* * *

జకార్తా కథ చెప్పకుండా హైదరాబాద్ మైదానం దాటడం కుదరదు. 1962 ఏషియాడ్. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేషియా రానివ్వలేదు. దాని మీద మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో ఊరంతా మనమీద మండిపడింది. రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. సెప్టెంబరు 4న ఫైనల్ నాటికి మన జట్టు ఎక్కడ కనబడినా ఈలలు, అరుపులు. నిండిన స్టేడియం మొత్తం ఎదురుపక్షం. అటు దక్షిణ కొరియా, మొదటి ఆటలో మనల్ని 2–0 తో ఓడించిన జట్టు. ఇటు గోలులో పీటర్ తంగరాజ్, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టినవాడు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు. రహీం సాబ్ ఆయన్ను వెనక్కి పెట్టకుండా ముందు వరుసలో ఆడించారు, దెబ్బ తగిలిన తలతోనే. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2–1. బంగారు పతకం.

ఆ రోజు అంత పెద్ద స్టేడియంలో మనకోసం చప్పట్లు కొట్టినవాళ్లు గుప్పెడు మంది. వాళ్లలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉందని ఆ ఆటగాళ్లు తర్వాత చెప్పుకుంటూ వచ్చారు. ఆ ఆటల్లోనే హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన జట్టు అది. ఊరు కాని ఊళ్లో, పగబట్టిన గుంపు మధ్య, వాళ్లకు వినబడ్డ తెలిసిన భాష మనవాళ్లదే. హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లకు అప్పటికే కరాచీలో చిన్నాన్నలు, మేనత్తలు ఉన్నారు. ఈ కబురు ఆ ఇళ్లలో ఉత్తరాల ద్వారా రెండు వైపులా తిరిగింది. రహీం సాబ్ అప్పటికే జబ్బుమనిషి. పతకం వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న పోయారు.

* * *

హైదరాబాద్‌లోనే బార్కస్ ఇంకో సరిహద్దు. నిజాం సైన్యంలో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి, అంటే ఇప్పటి యెమెన్ నుంచి, వచ్చిన అరబ్బుల బ్యారక్సులు జనం నోట్లో బార్కస్ అయ్యాయి. పక్కనే సలాలా, ఒమన్‌లోని ఊరి పేరే. 1948 తర్వాత సైన్యం పోయింది, కొందరిని ఓడలెక్కించి పంపేశారు, మిగిలినవాళ్లు ఇక్కడివాళ్లయ్యారు. తినేది హరీస్, కట్టేది లుంగీ, అమ్మేది జామకాయలు, సాయంత్రం ఆడేది ఫుట్‌బాల్. క్రికెట్ దేశమంతా కమ్ముకున్నప్పుడు కూడా అక్కడి మైదానంలో బంతి ఆగలేదు. గల్ఫ్ దారి తెరుచుకున్నాక ఒక్కో ఇంటి నుంచి ఒకరో ఇద్దరో జెద్దా, కువైట్, మస్కట్ వెళ్లారు. సెలవుకు వచ్చేటప్పుడు టేప్ రికార్డరు, సబ్బులు, ఒక మంచి బంతి తెచ్చేవారు. వాల్వు ఉన్న బంతి, తాడు లేనిది. దాన్ని చూసి సైకిలు దుకాణపు ముసలాయన ఇంక తన చేతికి పనిలేదని మొదట గ్రహించింది బహుశా అక్కడే.

1986లో దూరదర్శన్ ప్రపంచ కప్ ఇచ్చింది. మెక్సికోలో మిట్టమధ్యాహ్నం ఆట మనకు రాత్రి పదకొండున్నరకు. మొహల్లాకు రెండో మూడో టీవీలు. టీవీని కిటికీలో పెడితే వీధంతా చూసేది. డాబా మీద ఒకడు యాంటెన్నా గొట్టం పట్టుకుని ఉండాలి. కింద నుంచి ‘ఆగు, ఆగు, కొంచెం ఎడమకు’ అని కేకలు. అర్జెంటీనా, ఇంగ్లండ్ ఆటలో మారడోనా సగం మైదానం ఒక్కడే దాటుకుంటూ పోయి గోలు కొట్టిన క్షణం డాబా మీదివాడు మాత్రం చూడలేదు. అలాంటివాళ్లు ప్రతి వీధికీ ఒకరున్నారు. అప్పటిదాకా మనవాడంటే మొహల్లా కుర్రాడు. ఆ రాత్రి నుంచి, బెంగాల్‌లో, కేరళలో, ఢాకాలో లాగే ఇక్కడా, బీదింట్లో పుట్టి పెద్దవాళ్లను ఓడించిన ఒక పొట్టి మనిషి కూడా మనవాడయ్యాడు.

* * *

గల్ఫ్‌లో శుక్రవారం తెల్లవారుజామున ఆడాలి. ఎనిమిది దాటితే ఎండ నిలవనివ్వదు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్‌వాళ్లు, మలయాళీలు, బంగ్లాదేశీలు, నేపాలీలు ఒకే క్యాంపు. ముందురోజు రాత్రి ఇసుకలో రాళ్లు ఏరి, నీళ్లు చల్లి తొక్కితే పొద్దునకు నేల బిగుస్తుంది. గోలుకు సైటులో పనికిరాని స్కాఫోల్డింగ్ పైపులు, వాటిని కలిపి బిగించే కప్లర్లు. కప్లరు బోల్టు మైదానం వైపు కాకుండా వెనక్కి తిరిగేలా బిగించాలి, లేకపోతే మోచేతులు చీరుకుంటాయి. పైపు అడుగున ఇసుక బస్తాలు పెట్టకపోతే ఎవడో అడ్డపైపుకు వేలాడతాడు, గోలు మీద పడుతుంది. వలకు సైటులో వాడే పచ్చ సేఫ్టీ నెట్. గీతలకు మిగిలిన జిప్సం పొడి. ఏడుగురేసి, ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు. తెలుగువాళ్లు ఎక్కువగా క్రికెట్ మనుషులు, మొదట గట్టు మీద కూర్చునేవారు. మలయాళీ జట్టుకు గోల్‌కీపర్ తక్కువైన రోజున కబడ్డీ ఆడిన నిజామాబాద్ కుర్రాడు దూకి పట్టడం మొదలుపెడతాడు. అప్పటినుంచి గట్టు మీది తెలుగువాళ్లందరూ కేరళ జట్టువాళ్లే.

2022లో ప్రపంచ కప్ ఖతార్‌కే వచ్చింది. స్టేడియాలు కట్టింది ఈ చేతులే. టికెట్టు అందనివాళ్ల కోసం దోహా పారిశ్రామిక ప్రాంతం పక్కన ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెద్ద తెరలు కట్టారు. డిసెంబరు 18 ఫైనల్. అర్జెంటీనా, ఫ్రాన్స్ 3–3, పెనాల్టీల్లో 4–2. నీలం తెలుపు చారల చొక్కాల్లో ఉన్నవాళ్లలో అర్జెంటీనా ఎక్కడుందో పటంలో చూపించగలిగినవాళ్లు తక్కువ. ఢాకాలో ఆ రాత్రి వీధుల్లోకి వచ్చిన జనాన్ని చూసి అర్జెంటీనావాళ్లు ఆశ్చర్యపోయారు. మూడు నెలల్లోపే, ఎన్నో ఏళ్ల కిందట మూసేసిన తమ రాయబార కార్యాలయాన్ని అక్కడ మళ్లీ తెరిచారు.

అదే ఏడు మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగు ఐఎస్ఎల్ గెలిచింది. గొప్ప గెలుపే. తర్వాత మూడేళ్లకు ఆ జట్టు ఢిల్లీ తరలిపోయింది. ఊరు పెద్దగా కదల్లేదని బాధపడేవాళ్లున్నారు. ఆ బాధ నిజమే, కానీ ఫైనల్లో దిగిన పదకొండు మందిలో మన మొహల్లాలవాడు ఒక్కడూ లేడు. కలకత్తా క్లబ్బుకు ఆడిన హబీబ్ కోసం రాత్రంతా రేడియో తిప్పిన ఊరు, తన పేరే పెట్టుకున్న జట్టు పోతుంటే అడ్డుపడలేదు. పిల్లల్ని తయారుచేయకుండా పేరు మాత్రం అద్దెకు తెస్తే ఇంతే.

* * *

బార్కస్ మైదానంలో ఇప్పుడు సాయంత్రం వెళ్తే కనబడేవి రియాద్ నుంచి వచ్చిన అల్ నస్ర్ క్లబ్బు పసుపు చొక్కాలు, రొనాల్డో పేరుతో. నాలుగైదు అర్జెంటీనా చారలు. ఒకటో రెండో ఏ జట్టువో తెలియనివి. బంతికి వాల్వు. గాలి కొట్టే ముందు సూది మొనను నాలుకకు తాకించి తడుపుతారు, పొడి సూది దూరిస్తే వాల్వు రబ్బరు చిరిగిపోతుంది కాబట్టి. మైదానం అంచున గోడ మీద ఒక ఫోను నిలబెట్టి ఉంటుంది. అవతల జెద్దాలోనో దమ్మామ్‌లోనో డ్యూటీ దిగిన మామ, గదిలో మంచం మీద పడుకుని మేనల్లుడి ఆట చూస్తుంటాడు. బంతి ఎడమవైపు పోయినప్పుడల్లా అతనికి కనబడదు. ‘అరే, ఇటు తిప్పు, ఇటు తిప్పు’ అని ఫోనులోంచి కేకలు వస్తుంటాయి. పక్కన కూర్చున్న పిల్లవాడు ఆటలోంచి కళ్లు తీయకుండానే చెయ్యి చాపి ఫోను కొంచెం తిప్పుతాడు.